ఓడ పేరు అడగని ఊరు

జనవరి 2, 1856

నిన్నటి నుంచి మేము వాన్ డీమెన్స్ ల్యాండ్ వాళ్లం కాము, టాస్మేనియా వాళ్లం. మహారాణి గారు ఒప్పుకున్నారు. ఆఫీసులో పాత పేరు అచ్చేసిన కాగితాలు ఇంకా రెండు బీరువాల నిండా ఉన్నాయి. పారేయొద్దు, పాత పేరు కొట్టేసి పైన కొత్తది చేత్తో రాయమన్నారు మేజిస్ట్రేటు కెప్టెన్ ఫెన్విక్ గారు. మధ్యాహ్నానికి నూట నలభై కాగితాలకు పేరు మార్చాను. వేలు నొప్పి.

పేరుతో పాటు ప్రభుత్వమూ మారుతుందట. గవర్నరు గారు ఉంటారు, కానీ ఇక మీదట లండన్ మాట కాదు, మేము ఎన్నుకున్న సభ మాట వినాలట. మా బ్రామ్‌స్టన్‌కు ఒక సభ్యుడు. ఓటర్ల జాబితా రాసే పని నాకు పడింది. ఈ కోర్టులో ఇరవై ఏళ్లుగా నేనే గుమాస్తాను, ఇంకెవరికి పడుతుంది.

వస్తూ వస్తూ జాబెజ్ ట్రెంబాత్ దగ్గర రొట్టె తీసుకున్నాను.

"పేరు మార్చుకుంటే వాసన పోద్దంటారా గుమాస్తా గారూ?" అన్నాడు.

"నీకేం వాసనయ్యా?"

"నాదా? పులిసిన పిండి వాసన లెండి. ఊరి సంగతి అడుగుతున్నా."

రొట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాను.

జనవరి 9

ఖైదీల శాఖను మూసేస్తున్నారు. ఇంగ్లండు నుంచి నేరస్తుల ఓడలు రావడం ఆగి ఎలాగూ మూడేళ్లయింది. జిల్లా ఖైదీల రిజిస్టరును హోబర్ట్‌కు పంపమని ఉత్తరం వచ్చింది. తోలు అట్ట, ఆరు వందల పైచిలుకు పేర్లు. ఒక్కొక్కరికీ ఓడ, నేరం, శిక్ష, విడుదలైన తేదీ. సగం నా చేతిరాతే.

ఆఫీసులో తేమగా ఉంది. ఇంటికి తెచ్చి దుప్పట్ల పెట్టెలో అడుగున పెట్టాను. బండి దొరకగానే పంపేయాలి.

జనవరి 16

బండి దొరకలేదు.

ఫిబ్రవరి 11

జాబితా కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఇల్లూ వాకిలీ ఉన్న మగవాడికి ఓటు. ఒకప్పుడు ఖైదీగా వచ్చినవాడైతే శిక్ష పూర్తి చేసి ఉండాలి, లేదా క్షమాభిక్ష పొంది ఉండాలి. అదీ చట్టం.

అయితే అడిగేదెలా? ఈ దీవిలో మనిషిని ఏమైనా అడగవచ్చు. గొర్రెలెన్ని, పళ్లెన్ని ఊడాయి, పెళ్లాం ఎందుకు అలిగింది, అన్నీ అడగవచ్చు. ఏ ఓడలో వచ్చావని మాత్రం అడగరు. సొంతంగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు తమంతట తామే చెప్పుకుంటారు, అడక్కపోయినా. చెప్పనివాళ్లు చెప్పరు. తెలిసినవాళ్లలో సగం మంది బంగారం తవ్వుకోవడానికి సముద్రం దాటి విక్టోరియాకు పోయారు. మిగతా సగం నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరుకుంటారు.

నేను 1833లో సొంత ఖర్చుతో వచ్చాను. నా భార్య హెస్టర్ పనిమనిషిగా వచ్చింది. మా అమ్మాయి లెటీకి అలాగే చెప్పాం. అది అబద్ధమూ కాదు. వచ్చాక చేసింది పనిమనిషి పనే.

ఫిబ్రవరి 27

జాబితా పూర్తి. రెండు వందల పన్నెండు పేర్లు. జాబెజ్ తన పేరు నేను రాస్తుంటే పిండి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి చూశాడు. "ఇంకోసారి చదవండి," అన్నాడు. చదివాను. "జాబెజ్ ట్రెంబాత్, రొట్టెల వ్యాపారి, వంతెన వీధి."

"కాగితం మీద నా పేరు పక్కన మంచి మాట రాయడం ఇదే మొదటిసారండీ."

వేడి ఎక్కువగా ఉందన్నాను.

మార్చి 19

పోటీకి ఇద్దరు నిలబడతారట. వాల్‌గ్రేవ్ గారు, తొమ్మిది వేల ఎకరాల ఆసామి. ఇంకొకరు తోళ్ల షెడ్డు హిల్యర్. ఊళ్లో వాళ్లంతా హిల్యర్ వైపు. ఓటు రహస్యమట. పేర్లున్న కాగితం ఇస్తారు, వద్దనుకున్న పేరు కొట్టేసి పెట్టెలో వేయాలి. ఎవరు ఎవరికి వేశారో యజమానికి తెలియదు. వాల్‌గ్రేవ్ గారికి ఈ పద్ధతి నచ్చలేదని విన్నాను.

ఆయన ఏజెంటు స్కోబీ ఆఫీసుకు వచ్చాడు. రెండేళ్ల క్రితం వచ్చిన మనిషి, మంచి బూట్లు.

"ఖైదీల రిజిస్టరు ఒకటి ఉండాలే మీ దగ్గర. ఒక్క గంట చూసి ఇచ్చేస్తాను."

"హోబర్ట్‌కు పంపేశానండి," అన్నాను.

"ఎప్పుడు?"

"జనవరిలో."

అబద్ధం చాలా సులువుగా వచ్చింది. ఊరివాళ్లను కాపాడినట్టే కదా. దాని కోసమే చెప్పాను.

మే 5

చలి మొదలైంది. హెస్టర్ దుప్పట్ల పెట్టె తెరిచింది. అడుగున ఉన్న దుప్పట్లు కూడా తీసి ఎండలో వేసింది. సాయంత్రం మళ్లీ కొన్ని మడిచి లోపల పెట్టింది.

ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

మే 6

బండి గురించి కనుక్కోవాలి.

జూన్ 23

స్కోబీ తెలివైనవాడు. పుస్తకం దొరకకపోతేనేం, ముప్ఫై ఒక్క మంది పేర్ల మీద అభ్యంతరం వేశాడు. "ఇతను ఖైదీగా వచ్చినవాడు, శిక్ష పూర్తయినట్టు ఆధారం లేదు." అందరికీ అదే వాక్యం. అభ్యంతరం వచ్చినవాడు ఆగస్టు నాలుగున కోర్టుకు వచ్చి, జనం ముందు నిలబడి, విడుదల కాగితం చూపించాలి. రాకపోతే పేరు కొట్టివేత.

ఆ ముప్ఫై ఒక్క మందినీ ఊహ మీదే ఎంచాడు. వయసు చూశాడు, ఇంగ్లండు కబుర్లు చెప్పనివాళ్లను చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది ఎవరో చూద్దామని అతని ఎత్తు. అసలు చాలామంది కోర్టు గుమ్మమే ఎక్కరని అతనికి తెలుసు. ఓటు కోసం పిల్లల ముందు ఓడ పేరు చెప్పుకునే మగాడు ఎవడు?

నోటీసులు నేనే రాశాను. ముప్ఫై ఒకటి. పదో పేరు జాబెజ్.

జూన్ 26

ముప్ఫై ఒకటిలో ఒకడు గుర్రాల మందుల ఎబ్డన్. అతను నిజంగానే టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు. టిక్కెట్టు ఇప్పటికీ దాచుకున్నాడు. దాన్ని పట్టుకుని స్కోబీ బస చేసిన హోటలుకు వెళ్లి, అతని టీలో ముంచి, ఇప్పుడు చదువుకోమన్నాడట. ఊరంతా రెండు రోజులుగా ఇదే చెప్పుకుని నవ్వుతోంది. మిగతా ముప్ఫై మందీ నవ్వుతున్నారు.

జూలై 8

మధ్యాహ్నం జాబెజ్ ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ పెరటి గుమ్మం దగ్గర రొట్టె ఇచ్చి పోయే మనిషి, ఈ రోజు ముందు గుమ్మంలోంచి వచ్చాడు, కోటు వేసుకుని. హెస్టర్ టీ పెట్టింది. లెటీ బడికి వెళ్లింది.

"కాగితం లేదండీ," అన్నాడు.

"పోయిందా?"

"కాల్చేశాను. ఓడలు ఆగిపోయాయని పండగ చేశాం గుర్తుందా, మూడేళ్ల కిందట? పిల్లలందరికీ పతకాలు పంచారు, మీ లెటీకీ ఇచ్చారు. ఆ పూట ఊరందరికీ బన్నులు నేనే కాల్చాను. పొయ్యి రాజేసేటప్పుడు, ఇంక దీంతో పనేముందిలే అని అందులో పెట్టేశా." టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. "నా ఒక్కడిదే కాదు. ముందు రోజు ఒక్కొక్కళ్లే వచ్చి, ఇది కూడా వేసెయ్ జాబెజ్ అని చేతిలో పెట్టి పోయారు. పదకొండు మంది. నేను చదవలేదు. అన్నీ కలిపి ఒక్క బన్ను కూడా కాలలేదు, నిజం చెప్పాలంటే."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సిగ్గు పోవాలని కాల్చిన కాగితమే ఇప్పుడు పరువు నిలబెట్టాలి. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఇంత పొరపాటు పడరేమో.

"హోబర్ట్‌కు రాసి నకలు తెప్పించుకో," అన్నాను.

"రాశానండీ. శాఖ మూసేస్తున్నారట, ఆర్నెల్లు పడుతుందన్నారు." చెంచా పక్కన పెట్టాడు. "మీ దగ్గర పెద్ద పుస్తకం ఉండేది కదండీ. అందులో నా తేదీ ఉంటది. 41 మార్చి. దాన్ని కోర్టులో తెరిస్తే చాలు. నా ఓడ పేరు అందరూ వింటారంటారా, విననివ్వండి. నాకు పెళ్లాం పిల్లలు లేరు. ఈ ఊరికి పధ్నాలుగేళ్లు రొట్టె పెట్టాను. మనల్ని మనమే ఏలుకుంటామంటున్నారు. ఆ మనలో నేనున్నానో లేనో ఒకసారి తేలిపోవాలి."

"పుస్తకం హోబర్ట్‌కు పంపేశాను జాబెజ్."

అతను హెస్టర్ వైపు చూడలేదు. కావాలనే చూడలేదు, అది నాకు తెలిసింది. టీ తాగేసి, కప్పు తానే తీసుకెళ్లి వంటింట్లో పెట్టి, వెళ్లిపోయాడు.

హెస్టర్ బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"బండి దొరకలేదాండీ?" అంది.

జూలై 9

పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ దగ్గర ఆగదు. స్కోబీ ఆగనివ్వడు. అభ్యంతరం వేసిన అందరి పేజీలూ చదివిస్తాడు. తిప్పుతూ ఉంటే 118 కూడా వస్తుంది. ఊరంతా చూస్తుంది. లెటీకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

నేను ఆలోచించేది లెటీ గురించే.

జూలై 15

గట్టి మంచు. కుండలో నీళ్లు గడ్డకట్టాయి.

జూలై 21

లెటీ గురించే.

జూలై 30

జాబెజ్ రొట్టె పెరటి గుమ్మం దగ్గరే పెట్టి పోతున్నాడు. తలుపు తట్టడం లేదు.

ఆగస్టు 4

జరిగింది జరిగినట్టు రాస్తాను. గుమాస్తాకు అదే వచ్చు.

పది గంటలకు కోర్టు కిక్కిరిసింది. పైన న్యాయపీఠం మీద కెప్టెన్ ఫెన్విక్ గారు, కింద నేను, ఎడమ పక్క స్కోబీ. నేను పేర్లు పిలవడం మొదలుపెట్టాను. పిలవడం, మూడు లెక్కపెట్టడం, "హాజరు కాలేదు" అని రాయడం. తొమ్మిది పేర్లు అలాగే పోయాయి. అందులో నలుగురు కోర్టు బయట గోడకానుకుని పైపు కాలుస్తూ ఉన్నారు, కిటికీలోంచి కనబడుతూనే ఉన్నారు. లోపలికి రాలేదు.

పదో పేరు. జాబెజ్ వచ్చి నిలబడ్డాడు.

"ఖైదీగా వచ్చారా?" అన్నారు కెప్టెన్ గారు.

"వచ్చానండీ."

గదిలో అందరూ ఒకేసారి కదిలారు. పధ్నాలుగేళ్లుగా తెలిసిన సంగతే, కానీ ఎవరూ చెవులతో వినలేదు.

"విడుదల కాగితం?"

"లేదండీ. కాల్చేశాను."

స్కోబీ నవ్వాడు. "కాల్చానని ఎవరైనా చెప్పొచ్చు సార్. ఇతను పారిపోయినవాడు కాదని నమ్మకమేంటి?"

"మీ శిక్ష పూర్తయిందని చెప్పే సాక్షులు ఉన్నారా?" అని కెప్టెన్ గారు అడిగారు.

జాబెజ్ నేల చూపులు చూశాడు. నా వైపు కూడా చూడలేదు. నా కలంలో సిరా నిండుగా ఉంది. చెప్పడానికి నాకు ఎంతో సమయం దొరికింది. మూడు లెక్కపెట్టినంత కాదు, ముప్ఫై లెక్కపెట్టినంత.

"ఉన్నారండీ," అని వెనక నుంచి వినిపించింది.

ఆ గొంతు గుర్తుపట్టడానికి తల ఎత్తనక్కర్లేదు. చర్చికి వేసుకునే నల్ల టోపీ పెట్టుకుని హెస్టర్ ముందుకు వచ్చింది. ఆమె పక్కన లెటీ. బడి మానిపించి తీసుకొచ్చింది.

"మిసెస్ లుడ్లో, మీకేం తెలుసు?" అన్నారు కెప్టెన్ గారు ఆశ్చర్యంగా.

"జాబెజన్నదీ నాదీ ఒకే వంటిల్లండీ, పాత క్రెస్వెల్ వారి పొలంలో. అన్న రొట్టెలు కాల్చేవాడు, నేను అంట్లు తోమేదాన్ని. జీతం లేని పని, ఇద్దరికీ. 41 మార్చిలో సోమవారం నాడు అన్నకి కాగితం వచ్చింది. చదివి పెట్టమని నాకే ఇచ్చాడు. నాకు బాగా గుర్తు. ఆ శనివారమే నాదీ వచ్చింది."

ఇన్నేళ్లలో ఆమె అతన్ని అన్న అని పిలవడం నేను వినలేదు. పెరటి గుమ్మం దగ్గర 'ట్రెంబాత్ గారూ' అనేది.

స్కోబీ లేచాడు. "ఖైదీకి ఖైదీ సాక్ష్యం సార్."

"కూర్చోండి," అన్నారు కెప్టెన్ గారు. తర్వాత, ఎంతో ఇబ్బందిగా, నియమం ప్రకారం అడగవలసింది అడిగారు. "ఏ ఓడలో వచ్చారమ్మా?"

"మేరీ హార్కర్. 1834."

సాక్షి వివరాలు రాయవలసినవాణ్ణి నేను. రాశాను. హెస్టర్ లుడ్లో, ఓడ మేరీ హార్కర్, 1834. చేతిరాత చెక్కుచెదరలేదు. అందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

"నోటి మాట మీద నిలపడం కష్టమే," అన్నారు కెప్టెన్ గారు. "ఏదైనా దాఖలా ఉంటే బాగుండేది. లుడ్లో, ఆ రిజిస్టరు హోబర్ట్ చేరింది కదూ?"

నేను లేచి నిలబడ్డాను. హెస్టర్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే, తను అడిగినందుకే నేను చెప్పానని అనుకోవలసి వచ్చేదని తర్వాత చెప్పింది.

"లేదు సార్. మా ఇంట్లో ఉంది."

"పంపానన్నారుగా?"

"అబద్ధం చెప్పాను సార్."

ఇంటికి వెళ్లి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పుస్తకం బరువు. దారిలో గోడకానుకున్న నలుగురూ పైపులు నోట్లోంచి తీసి చూశారు. వాళ్లలో ఇద్దరు నా వెనకే లోపలికి వచ్చారు.

జాబెజ్ పేజీ 97. మార్చి 8, 1841, శిక్ష పూర్తి, విడుదల. కెప్టెన్ గారు చదివి, సాక్షి మాట సరి చూడడానికి 118 కూడా తిప్పారు. పైకి చదవలేదు. స్కోబీ చదవమన్నాడు. "కోర్టుకు అవసరమైనంత చదివాను," అన్నారు.

జాబెజ్ పేరు నిలబడింది. పిలిచినా పలకని పేర్లు మళ్లీ పిలుస్తామని కోర్టును రేపటికి వాయిదా వేశారు.

ఆగస్టు 5

ఎబ్డన్ మీద అభ్యంతరం ముందే పోయింది. మిగతా ఇరవై తొమ్మిది మందిలో పంతొమ్మిది మంది వచ్చారు. ఒక్కొక్కరూ ఓడ పేరు తామే ముందు చెప్పేశారు, నేను అడగకముందే. పది మంది రాలేదు. వాళ్లను తప్పు పట్టను. తప్పు పట్టే అర్హత ఇంకెవరికైనా ఉందేమో, నాకు లేదు.

సాయంత్రం కెప్టెన్ గారు పిలిచారు. ప్రభుత్వపు పుస్తకం ఇంట్లో దాచినందుకు నెలాఖరుతో ఉద్యోగం ఆఖరు. "ఊరి కోసం దాచారా, ఇంట్లో వాళ్ల కోసం దాచారా, మీ కోసమా?" అన్నారు. మూడోదే అన్నాను.

ఆగస్టు 6

హోబర్ట్‌కు బండి దొరికింది.

ఆగస్టు 10

 ఈ రోజు లెటీ అడిగింది, నన్నే. "మీకు ముందే తెలుసా నాన్నా?"

"పెళ్లికి ముందే తెలుసు. పుస్తకంలో చదివాను."

"అమ్మ చెప్పలేదా?"

"నేను అడగలేదు."

దాని ముఖంలో కోపం కనబడింది. తల్లి మీద కాదు.

సెప్టెంబరు 24

పోలింగు. వాన తుంపర. జాబెజ్ ఎనిమిదింటికే వచ్చి వరసలో నిలబడ్డాడు, కోటు మీద పిండి. తెర చాటున కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడంటే అధికారి దగ్గాడు. ఒక్క పేరు కొట్టేయడానికి అంతసేపెందుకని తర్వాత అడిగాను.

"కొట్టేసింది చిటికెలోనండీ. కొట్టెయ్యకుండా ఉంచిన పేరు చూస్తూ నిలబడ్డాను. ఒకళ్ల పేరు ఉంచడం నా చేతుల్లో ఉండడం ఇదే మొదలు."

నేను కూడా వేశాను. ఎవరికో ఇక్కడ రాయను, రహస్యం రహస్యమే. హెస్టర్ బయట గొడుగు పట్టుకుని నిలబడింది. ఆ రోజు కోర్టులో అందరికన్నా పెద్దగా మాట్లాడిన మనిషికి కాగితం లేదు. జాబెజ్ బయటికి వచ్చి, ఆమె చేతిలో వెచ్చటి రొట్టె పెట్టి, "చెల్లాయ్, నీదీ కలిపి వేశాను," అన్నాడు.

సెప్టెంబరు 27

హిల్యర్ పద్నాలుగు ఓట్లతో గెలిచాడు. తోళ్ల షెడ్డులో లెక్క రాయడానికి రమ్మన్నాడు. వాసనకు అలవాటు పడాలి.

అక్టోబరు 5, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక హెస్టర్, లెటీ గుమ్మంలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. నేను లోపల బూట్లు విప్పుతున్నాను.

"అమ్మా, ఓడలో ఎలా ఉండేది?" అంది లెటీ, రేపు వాన పడుతుందా అని అడిగినట్టు.

హెస్టర్ చేతిలో దుంప చెక్కు తీసి గిన్నెలో వేసింది. తర్వాత చెప్పింది. పుస్తకంలో రాసినట్టే, శాలువా దొంగిలించిన మాట నిజం. చెల్లెలు కెజియాకు దగ్గు, చలికి ఆగలేకపోయేది, దాని కోసం. పట్టుకున్నప్పుడు శాలువా కెజియా మీదే ఉంది, అందుకని ఇద్దరికీ ఏడేళ్లు వేశారు. కెజియాకు పదహారేళ్లు. పాటలు బాగా పాడేది, ఓడ వంటవాడు పాట వినిపిస్తే ఉల్లిపాయ ఇచ్చేవాడు. హోబర్ట్ ఇంకా పదకొండు రోజులుందనగా పోయింది. ఆ శాలువా పోలీసులు తీసేసుకున్నారు కనక, సంచి గుడ్డలో చుట్టి సముద్రంలో వేశారు.

లెటీ కత్తి కింద పెట్టి తల్లి భుజం మీద తల ఆనించింది.

నేను ఒక బూటుతో అలాగే కూర్చున్నాను. 118వ పేజీ నాకు కంఠస్థం. హెస్టర్ విషయంలో తెలుసుకోవలసింది ఇంకేమీ లేదని పదిహేనేళ్లు అనుకున్నాను. ఆ పేజీలో 'తోడు వచ్చినవారు' అన్న గడి ఉంది. అందులో 'ఎవరూ లేరు' అని ఉంది. ఒడ్డు చేరనివాళ్లను రిజిస్టరులో ఎక్కించరు, అది నియమం. ఆ గడి రాసింది నేనే. ఇరవై ఏళ్ల కిందట, పాత పుస్తకంలోంచి చూసి.

బయటికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. కత్తి ఒకటి తీసుకున్నాను. "ఏ పాట పాడేది?" అని అడిగాను.

హెస్టర్ నా వైపు చూసింది. నాకు తెలియనిది కూడా ఉందని ఆమెకు తెలియడం, మా పెళ్లయ్యాక అదే మొదటిసారి.

పాట సగమే గుర్తుంది. ఆ సగం పాడింది.